మానవ ప్రత్యుత్పత్తి, హార్మోన్లు: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతం

మనిషి సంతానోత్పత్తి ఒక్క గర్భసంచితోనో, ఒక్క వృషణాలతోనో జరిగే పని కాదు. మెదడు అడుగున ఉండే హైపోథలమస్, దాని కింద బఠాణీగింజంత పిట్యూటరీ గ్రంథి, ఆడవాళ్ళలో అండాశయాలు, మగవాళ్ళలో వృషణాలు రక్తంలోకి కొన్ని రసాయనాలు వదులుతూ ఒకదాన్నొకటి నడిపిస్తాయి, అవసరమైనప్పుడు ఆపుతాయి. 1905లో ఇంగ్లండుకు చెందిన శరీరధర్మ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ స్టార్లింగ్ ఈ తరహా రసాయనాలకు హార్మోన్లని పేరు పెట్టాడు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఉత్తర తెలంగాణలో పాత కరీంనగర్ జిల్లా పట్టణాలు. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు మొదటి రెండూ జగిత్యాల జిల్లాలోకి, మూడోది రాజన్న సిరిసిల్ల జిల్లాలోకి వచ్చాయి. ఇండ్లల్లో బీడీలు చేసే ఆడవాళ్ళు, సిరిసిల్లలో మరమగ్గాలు, ఊరూరా దుబాయికో సౌదీకో పోయిన మగవాళ్ళు ఈ ప్రాంతానికి గుర్తులు. 2011 జనాభా లెక్కల ప్రకారం నేటి జగిత్యాల జిల్లా పరిధిలో వెయ్యిమంది మగవాళ్ళకు 1036 మంది ఆడవాళ్ళున్నారు. అందుకు వలస ఒక కారణం.

హార్మోన్లు పనిచేసే తీరు ఇక్కడైనా లండన్‌లోనైనా ఒక్కటే. తేడా వచ్చేది తేదీల దగ్గర. శరీరం తన గంటలను, వారాలను, ఏండ్లను తన పద్ధతిలో లెక్కపెట్టుకుంటూ పోతుంటే వీసా, ముహూర్తం, ఆపరేషన్ వేరే లెక్కలో నడుస్తాయి. ఇక్కడి దంపతులకు, బాలింతలకు, నడివయసు ఆడవాళ్ళకు ఎదురయ్యే చిక్కుల్లో చాలావరకు ఈ రెండు లెక్కలూ కలవకపోవడం నుంచి పుట్టినవే.

కోడె, ఎద్దు, టెస్టోస్టెరాన్

వేములవాడ రాజన్నకు కోడె మొక్కు మొక్కడం ఈ సీమలో పాత ఆచారం. సంతానం కోసం మొక్కుకున్నవాళ్ళు కోడెను పట్టుకొని గుడి చుట్టూ తిప్పి కట్టేస్తారు. నాగలికి కట్టే ఎద్దు వేరు. వృషణాలు నులిమేశాక దాని పొగరు, మెడ బలుపు, ఆవుల వెంట పడడం తగ్గిపోతాయి. రైతుకు తరతరాలుగా తెలిసిన ఈ సంగతిని శాస్త్రం 1849లో పరీక్షకు పెట్టింది. జర్మనీలోని గొట్టింగెన్‌లో ఆర్నల్డ్ బెర్తోల్డ్ కోడిపుంజుల వృషణాలు తీసి, కొన్నిటికి వాటిని పొట్టలో మళ్ళీ నాటాడు. పాత నరాల సంబంధం తెగిపోయినా ఆ పుంజులు కూశాయి, కొట్లాడాయి, తురాయి ఎర్రగానే నిలిచింది. అంటే వృషణం తన మాటను నరాల మీద కాక రక్తంలో పంపుతోంది. ఆ మాట పేరు టెస్టోస్టెరాన్ అని 1935లో తేలింది.

మగవాళ్ళలో ఈ ఏర్పాటు సూటిగా ఉంటుంది. హైపోథలమస్ నుంచి జీఎన్ఆర్‌హెచ్ అనే హార్మోన్ ఆగి ఆగి, విడతలుగా వెలువడుతుంది. దానికి స్పందించి పిట్యూటరీ రెండు హార్మోన్లు పంపుతుంది. ఎల్‌హెచ్ వృషణాల్లోని లేడిగ్ కణాల చేత టెస్టోస్టెరాన్ చేయిస్తుంది. ఎఫ్ఎస్‌హెచ్ సెర్టోలి కణాలను కదిలించి వీర్యకణాల తయారీకి తోడ్పడుతుంది. టెస్టోస్టెరాన్ చాలినంత పెరిగితే మెదడు ఈ సంకేతాలను తగ్గిస్తుంది. జిమ్‌లో కండల కోసం టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు వేయించుకున్న కుర్రాళ్ళలో వీర్యకణాలు పడిపోవడానికి కారణం ఇదే. బయటినుంచి సరుకు వస్తోంది కాబట్టి మెదడు లోపలి ఉత్పత్తిని ఆపేస్తుంది.

ఒక వీర్యకణం తయారు కావడానికి సుమారు 74 రోజులు పడుతుంది. బయటికి రావడానికి మరికొన్ని రోజులు కలిపితే మూడు నెలల లెక్క. ఇవాళ చేసిన వీర్య పరీక్ష చెప్పేది ఇవాళ్టి సంగతి కాదు, మూడు నెలల కిందటి నుంచి ఇప్పటిదాకా జరిగిన సంగతి. మధ్యలో డెంగీ జ్వరమో టైఫాయిడో వచ్చిపోయి ఉంటే ఆ ఛాయ ఫలితంలో కనిపిస్తుంది. అందుకే ఒక్క రిపోర్టు చూసి మనిషిని తేల్చేయకుండా కొంత వ్యవధి ఇచ్చి మళ్ళీ చేయిస్తారు. 2021 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణంలో మిల్లీలీటరుకు 1.6 కోట్ల వీర్యకణాలు కింది హద్దు. అంతకన్నా తక్కువ ఉన్నవాళ్ళకు పిల్లలు పుట్టరని దీని అర్థం కాదు.

వృషణాలు ఒంటి వేడికన్నా 2 నుంచి 4 డిగ్రీల సెల్సియస్ తక్కువలో ఉంటేనే సరిగా పనిచేస్తాయి. అవి శరీరం బయట వేలాడడానికి కారణం ఇదే. బాయిలర్లు, కొలుములు, వెల్డింగ్ దగ్గర గంటల తరబడి నిలబడే వృత్తుల్లో వీర్యకణాల సంఖ్య తగ్గుతుందని ఎన్నో దేశాల్లో చూశారు. నూలుకు గంజి పట్టించే సిరిసిల్ల సైజింగ్ యూనిట్లలో పనిచేసేవాళ్ళకు, ఎడారి ఎండలో కట్టడాల మీద పనిచేసే వలస కూలీలకు ఇది పట్టించుకోవాల్సిన విషయం. ఊరట ఏమిటంటే, వేడి వల్ల వచ్చిన తగ్గుదల ఆ వేడి నుంచి దూరమైన కొన్ని నెలలకు చాలావరకు సర్దుకుంటుంది.

నెల లెక్క

కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. అక్కడి విద్యార్థులు ఆవులో, గేదెలో చదివే హార్మోన్లు దాదాపు మనిషివే. ఒక్క తేడా మాత్రం పెద్దది. పశువు ఎదకొస్తే అరుపుతో, నడకతో తెలిసిపోతుంది, చూడి సూది వేయించడానికి ఎప్పుడు తోలుకుపోవాలో రైతుకు లెక్క తెలుసు. మనిషిలో అండం విడుదలయ్యే రోజు పైకి కనిపించదు.

ఆడపిల్ల తల్లి కడుపులో అయిదో నెలలో ఉన్నప్పుడే ఆమె అండాశయాల్లో 60-70 లక్షల అండకణాలుంటాయి. పుట్టేసరికి 10-20 లక్షలు, పెద్దమనిషయ్యే నాటికి మూడు నాలుగు లక్షలు మిగులుతాయి. జీవితకాలంలో విడుదలయ్యేవి నాలుగైదు వందలు మాత్రమే, మిగతావి తమంతట తామే కరిగిపోతాయి. కొత్తవి పుట్టవు. ఈ ఖాతాలో జమ లేదు, ఖర్చే ఉంటుంది.

పెద్దమనిషి కావడానికి మొదటి కదలిక మెదడులో వస్తుంది. కిస్‌పెప్టిన్ అనే ప్రోటీన్ జీఎన్ఆర్‌హెచ్ కణాలను నిద్రలేపుతుంది. దీని జన్యువును 1996లో అమెరికాలోని హెర్షీ పట్టణంలో గుర్తించారు, ఆ ఊరి కిసెస్ చాక్లెట్ల పేరే దానికి పెట్టారు. యౌవనంతో దీనికున్న సంబంధం 2003లో బయటపడింది. ఊళ్ళో బంధువులను పిలిచి చీర పెట్టి ఫంక్షన్ చేసే రోజుకు పిల్ల శరీరంలో వ్యవస్థ ఇంకా పూర్తిగా కుదురుకోదు. మొదటి ఒకటి రెండేండ్లు చాలా నెలల్లో అండమే విడుదల కాదు, నెలసరి అటూ ఇటూ అవుతుంది. దాన్ని చూసి పదమూడేండ్ల పిల్లకు పీసీఓడీ (అండాశయాల హార్మోన్ సమస్య) అని పేరు పెట్టేయడం ఈ మధ్య ఎక్కువైంది. పెద్ద ఆడవాళ్ళలో పదిమందిలో ఒకరి వరకూ ఉండే నిజమైన సమస్యే అది. కానీ ఆ వయసులో ఒక్క స్కానింగ్‌తో దాన్ని తేల్చకూడదు.

నెలసరి మొదలైన రోజుల్లో ఎఫ్ఎస్‌హెచ్ కొన్ని అండకోశాలను పెంచుతుంది. వాటిలో ఒకటి ముందుకు దూసుకుపోయి ఈస్ట్రడయోల్ అనే ఈస్ట్రోజెన్ చేస్తుంది. మామూలుగా ఈ హార్మోన్ పిట్యూటరీని అణచి ఉంచుతుంది. అది బాగా పెరిగి రెండు రోజుల పాటు అలాగే నిలిచినప్పుడు మాత్రం అణచడం మానేసి ఎగదోస్తుంది. ఎల్‌హెచ్ ఒక్కసారిగా పొంగుతుంది, దాదాపు 36 గంటలకు అండం విడుదలవుతుంది. ఒకే రసాయనం ఒకరోజు కళ్ళెంగా, మరోరోజు కొరడాగా మారే ఈ మలుపు ప్రత్యుత్పత్తి శాస్త్రంలోకెల్లా విచిత్రమైనది. జీఎన్ఆర్‌హెచ్ నిర్మాణాన్ని 1971లో తేల్చిన ఆండ్రూ షాలీ, రోజర్ గిల్లెమిన్‌లకు 1977లో నోబెల్ వచ్చింది. రక్తంలో ఇంత సూక్ష్మ పరిమాణాల్లో ఉండే హార్మోన్లను కొలిచే పద్ధతి కనిపెట్టిన రోజలిన్ యాలో అదే బహుమతిని పంచుకుంది.

అండం వెళ్ళిపోయిన చోట మిగిలే పసుపుపచ్చ కణజాలం ప్రొజెస్టెరాన్ చేస్తుంది. గర్భసంచి లోపలి పొరను పిండం కోసం మెత్తగా సిద్ధం చేసేది ఇదే, ఒంటి వేడిని అర డిగ్రీ వరకూ పెంచేదీ ఇదే. పిండం నాటుకోకపోతే ఈ కణజాలం సుమారు 14 రోజులకు వాడిపోతుంది, పొర రాలి నెలసరి వస్తుంది. కాబట్టి నెలలో మొదటి భాగం మనిషికీ మనిషికీ మారుతుంది, రెండో భాగం పెద్దగా మారదు. 35 రోజులకు డేట్ వచ్చే స్త్రీకి అండం విడుదలయ్యేది 14వ రోజున కాదు, 21వ రోజు ప్రాంతంలో. అందరికీ 14వ రోజే అన్న మాట ఎంతో మంది దంపతులను తప్పుదారి పట్టించింది.

సెలవు లెక్క

గల్ఫ్ నుంచి మనిషి రెండేండ్లకోసారి, నెలకో రెండు నెలలకో ఇంటికొస్తాడు. అండం బతికేది 12 నుంచి 24 గంటలు, వీర్యకణం అయిదు రోజుల దాకా. 1995లో అమెరికాలోని నార్త్ కరోలినా స్త్రీలపై జరిగిన అధ్యయనం గర్భం నిలవగల రోజులు నెలకు ఆరేనని, అవి అండం విడుదలైన రోజుతో ముగుస్తాయని చూపింది. ఆరోగ్యంగా ఉన్న జంటకైనా ఒక నెలలో గర్భం నిలిచే అవకాశం 20-25 శాతం. ఏడాది పాటు కలిసి ఉంటే వందలో 85 జంటలకు నిలుస్తుంది. సంతానలేమి అన్న మాటను ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడేది ఆ ఏడాది దాటాకే.

ఇప్పుడు లెక్క చూడాలి. పెండ్లయి అయిదేండ్లయింది, భర్త రెండుసార్లు వచ్చిపోయాడు, ప్రతిసారీ రెండు నెలలున్నాడు. ఆ జంటకు దక్కినవి నాలుగైదు నెలసరులే. అందులో ఒక సెలవులో మొదటి వారం బంధువుల ఇండ్లకు, చివరి వారం ప్రయాణపు హడావుడికి పోయి ఉండొచ్చు. వైద్యం ప్రకారం ఈ జంటకు ఏ లోపమూ ఉన్నట్టు కాదు. ఊళ్ళో మాత్రం అయిదేండ్లుగా పిల్లలు లేరనే అంటారు. కోడలిని కొండగట్టు అంజన్న దగ్గరికి తీసుకుపోతారు, వేములవాడలో మొక్కుతారు, ఆ తర్వాత పట్నంలోని సంతాన సాఫల్య కేంద్రానికి వెళ్తారు. మొక్కు వల్ల పోయేది లేదు. తొందరపడి మొదలుపెట్టిన ఖరీదైన చికిత్స అలా కాదు, అది గల్ఫ్ సంపాదనను తినేస్తుంది.

పరీక్షలు మొదలుపెట్టాల్సి వస్తే అన్నిటికన్నా చవకది, సులువైనది వీర్య పరీక్ష. సంతానలేమి ఉన్న జంటల్లో దాదాపు సగం సందర్భాల్లో మగవాళ్ళ వైపు కారణం కూడా ఉంటుంది. ఇక్కడ తరచూ జరిగేది మరోలా ఉంటుంది. ఆయన ఎయిర్‌పోర్టు నుంచి ఎయిర్‌పోర్టుకు ఉరుకుతుంటాడు, స్కానింగులన్నీ ఇంట్లో ఉన్న ఆమెకే. భర్త రావడానికి ముందు రెండు మూడు నెలలు తన నెలసరి తేదీలు రాసిపెట్టుకుంటే, ఎల్‌హెచ్‌ను మూత్రంలో పట్టిచూపే స్ట్రిప్పులు వాడితే, ఆ కొద్ది రోజుల్లో ఏవి పనికొచ్చేవో తెలుస్తుంది. వయసు మాత్రం ఆగదు. 35 దాటాక మిగిలిన అండాల సంఖ్యే కాదు, వాటి నాణ్యత కూడా పడిపోతుంది. రెండు సెలవులకు నాలుగేండ్లు పోతే అవి ముప్పై రెండేండ్ల ఆమెకు చిన్నవి కావు.

నెల తప్పాక

పిండం గర్భసంచి గోడకు అంటుకోగానే హెచ్‌సీజీ అనే హార్మోన్ వదులుతుంది. వాడిపోవాల్సిన పసుపుపచ్చ కణజాలాన్ని నిలిపి, ప్రొజెస్టెరాన్ ఆగకుండా చూసేది ఇదే. మొదటి వారాల్లో దాదాపు రెండు రోజులకోసారి రెట్టింపవుతుంది. ఆశా కార్యకర్త ఇచ్చే నిశ్చయ్ కిట్‌లో రెండో గీత పడేది దీనివల్లే. ఏడు నుంచి తొమ్మిది వారాల మధ్య మావి ఆ పనిని తన చేతుల్లోకి తీసుకుంటుంది.

గర్భిణులకు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర వెనుక తెలుగువాళ్ళు గర్వంగా చెప్పుకోదగ్గ కథ ఉంది. 1928 తర్వాత బొంబాయిలో ఇంగ్లీషు వైద్యురాలు లూసీ విల్స్ గర్భిణులైన బట్టల మిల్లు కార్మికుల్లో ఒక రకం రక్తహీనతను పరిశీలించి, ఈస్ట్ సారం తింటే అది తగ్గుతుందని 1931లో ప్రకటించింది. కరీంనగర్ జిల్లా పద్మశాలీలు బతుకుదెరువుకు పోయిన ఊరు కూడా ఆ బొంబాయే. ఆ సారంలోని పదార్థాన్ని 1940ల్లో అమెరికాలోని లెడర్లె ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన ఆధ్వర్యంలోనే వచ్చిన మెథోట్రెక్సేట్‌ను, ట్యూబులో నిలిచిన గర్భాన్ని కోత లేకుండా కరిగించడానికి నేటికీ వాడుతున్నారు.

పిండంలో మెదడు, వెన్నుపాముగా మారే నాళం గర్భం నిలిచిన 28 రోజులకే మూసుకుంటుంది. చాలామందికి అప్పటికి నెల తప్పిన సంగతే ఖాయంగా తెలియదు. ఆ తర్వాత మింగిన ఫోలిక్ యాసిడ్ రక్తానికి పనికొస్తుంది కానీ ఆ నాళానికి అందదు. కనీసం నెల ముందు మొదలుపెట్టాలి. వలస కుటుంబాలకు ఇందులో ఒక వీలుంది. మిగతావాళ్ళకు తెలియని తేదీ వాళ్ళకు ముందే తెలుస్తుంది. భర్తకు టికెట్ ఖరారైన రోజే మాత్ర మొదలుపెట్టొచ్చు.

చాటలో తంబాకు పోసుకొని పొద్దంతా కూర్చునే బీడీ కార్మికురాలికి పొగ తాగే అలవాటు లేకపోయినా నికోటిన్ చేరుతుంది. అది చర్మం గుండా ఇంకుతుంది, దుమ్ముతో ఊపిరిలోకి పోతుంది. బీడీ కార్మికుల మూత్రంలో దాని అవశేషమైన కోటినిన్ దొరికింది. నికోటిన్ మావికి పోయే రక్తనాళాలను కుంచింపజేస్తుంది. గర్భిణి బీడీలు చేస్తున్నదా అన్న ప్రశ్న చెకప్‌లో మొదటి పూటే అడగదగ్గది.

కాన్పు, ముహూర్తం

నొప్పులు మొదలయ్యే రోజును నిర్ణయించడంలో తల్లితో పాటు బిడ్డకూ, మావికీ చేయి ఉంటుంది. చివరి వారాల్లో మావి నుంచి సీఆర్‌హెచ్ అనే హార్మోన్ పెరుగుతుంది, బిడ్డ అడ్రినల్ గ్రంథులు చేసే కార్టిసోల్ ఊపిరితిత్తులను గాలికి సిద్ధం చేస్తుంది, గర్భసంచి కండరం మీద, నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్ హార్మోన్‌ను అందుకునే గ్రాహకాలు ఎన్నో రెట్లవుతాయి. బిడ్డ తల గర్భద్వారాన్ని సాగదీస్తే ఆక్సిటోసిన్ మరింత వస్తుంది, మరింత వస్తే నొప్పులు పెరుగుతాయి. కాన్పు అయ్యేదాకా ఈ వలయం ఆగదు. ఆక్సిటోసిన్‌ను 1953లో ప్రయోగశాలలో తయారుచేసిన విన్సెంట్ డు విగ్నోకు 1955లో నోబెల్ బహుమతి వచ్చింది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, దేశంలోనే ఎక్కువ. కరీంనగర్ జిల్లాలో అది 82.4 శాతం. 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 10-15 శాతాన్ని మించాల్సిన అవసరం లేదంది. ఈ పెరుగుదలకు ప్రైవేటు ఆసుపత్రుల ఆదాయం, నొప్పుల భయం, మొదటిది ఆపరేషన్ అయితే రెండోదీ అదే కావడం కారణాలు. వాటితో పాటు అమావాస్య రాకముందే, మంచి నక్షత్రంలో బిడ్డ కావాలన్న కోరికా ఉంది. ముహూర్తాలు పెట్టొద్దని ప్రభుత్వమే పురోహితులకు చెప్పాల్సి వచ్చింది. ముహూర్తం 37వ వారంలో పడితే కార్టిసోల్ పని ఇంకా పూర్తయి ఉండదు. 39 వారాలు నిండకముందు నొప్పులు రాకుండానే తీసిన బిడ్డల్లో శ్వాస ఇబ్బంది ఎక్కువ. జాతకం రాసేవాడికి ఈ వారాల లెక్కతో పని లేదు.

2017లో వచ్చిన కేసీఆర్ కిట్ పథకం, ఆడబిడ్డకు 13,000, మగబిడ్డకు 12,000 రూపాయలిచ్చి, కాన్పులను ప్రభుత్వ ఆసుపత్రుల వైపు మళ్ళించింది. అదే ఏడాది కరీంనగర్‌లో హైదరాబాదు ఫెర్నాండెజ్ ఆసుపత్రి సాయంతో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. నొప్పులు పడుతున్న మనిషి పక్కన గంటల తరబడి ఓపిగ్గా ఉండే మనిషి కావాలన్నది దాని ఆలోచన. భయంతో పెరిగే అడ్రినలిన్ నొప్పులను మందగింపజేస్తుంది కాబట్టి హార్మోన్ల పరంగా కూడా అది సబబే.

మావి బయటికి రాగానే ప్రొజెస్టెరాన్ పడిపోతుంది, పాలు చేయించే హార్మోన్ ప్రొలాక్టిన్‌కు అడ్డు తొలగి పాలు పడతాయి. ఆరు నెలల దాకా రాత్రీ పగలూ తల్లిపాలే ఇస్తూ, నెలసరి తిరిగి రాకుండా ఉంటే మళ్ళీ గర్భం నిలిచే అవకాశం వందలో రెండుకు మించదు. డబ్బా పాలు కలిపితే ఈ రక్షణ పోతుంది.

ఆపరేషన్లు

తెలుగు రాష్ట్రాల్లో కుటుంబ నియంత్రణ అంటే ట్యూబెక్టమీయే. ఇద్దరు పిల్లలు కాగానే, చాలామందికి ముప్పై రాకముందే అయిపోతుంది. ట్యూబులు కత్తిరించినా అండాశయాలు, వాటి హార్మోన్లు యథాప్రకారం ఉంటాయి. వేసెక్టమీలోనూ అంతే, టెస్టోస్టెరాన్‌కు ఏమీ కాదు, బలం తగ్గదు. అయితే గొట్టంలో అప్పటికే ఉన్న వీర్యకణాల వల్ల మూడు నెలల పాటు వేరే జాగ్రత్త అవసరం. ఆ తర్వాత పరీక్షతో ఖాయం చేసుకోవాలి. దేశంలో మగవాళ్ళ ఆపరేషన్‌ను ఎంచుకున్న జంటలు 0.3 శాతం దగ్గరే ఆగిపోయాయి.

సంచి తీయించుకోవడం వేరే సంగతి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీసేసినవాళ్ళు దేశంలో 3.2 శాతం, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. తెల్లబట్ట, ఎక్కువ బ్లీడింగ్, నడుము నొప్పితో వెళ్తే క్యాన్సర్ అవుతుందని భయపెట్టడం, పిల్లలయ్యాక సంచితో ఏం పనన్న మాట, నెలకు నాలుగు రోజుల కూలి పోతుందన్న బాధ, ఇవన్నీ కలిసి ఈ అంకెను చేశాయి. మందులతో, హార్మోన్ లూప్‌తో తగ్గే బ్లీడింగే ఇందులో ఎక్కువ. అవసరం లేని ఈ ఆపరేషన్ల మీద దాఖలైన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలన్నీ కేంద్ర మార్గదర్శకాలను అమలు చేయాలని ఆదేశించింది.

ఒక్క సంచి తీసి అండాశయాలు ఉంచితే హార్మోన్లు సాగుతాయి, ముట్లుడగడం మాత్రం మామూలు కన్నా కొన్నేండ్లు ముందుకొస్తుంది. అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ రోజుల్లో పడిపోతుంది. ఎముకను కొరికే కణాలను అదుపులో పెట్టేది ఈస్ట్రోజెనే. అది లేనప్పుడు ముప్పై అయిదేండ్ల మనిషి ఎముకలు అరవై ఏండ్లవాళ్ళ వైపు నడుస్తాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. మన దేశంలో స్త్రీలకు సహజంగా ముట్లు ఆగేది 46-47 ఏండ్లకు. పొగాకు ఆ వయసును ఒకటి రెండేండ్లు ముందుకు లాగుతుంది. ముందుగా అండాశయాలు పోయినవాళ్ళకు, వేరే అభ్యంతరాలు లేకపోతే, ఆ సహజ వయసు దాకా హార్మోన్ మందులు ఇవ్వడం వైద్యంలో ఒప్పుకున్న పద్ధతి. చిక్కేమిటంటే, ఆపరేషన్ అయిన చాలామందికి తమకు ఏం తీశారో తెలియదు. అడిగితే సంచి తీశారనే చెప్తారు. అండాశయాలు ఉంచారా, ఒకటి తీశారా, రెండూ తీశారా అన్నది డిశ్చార్జి కాగితంలో ఉంటుంది. పదేండ్ల తర్వాత మోకాళ్ళ నొప్పులతోనో తుంటి విరిగో డాక్టరు దగ్గరికి పోయినప్పుడు మొదట అక్కరకొచ్చేది ఆ కాగితమే.